మన పెద్దల గురించి నాలుగు ముక్కలు ఎవరు రాస్తారు?



ఇప్పుడు మన కొల్లూరు వైపు ఫ్లెక్సీ లేని పెద్దకర్మ అరుదు. ఫొటో, 'అశ్రునివాళి', జననం, మరణం, కింద కొడుకులూ మనవళ్ళ పేర్లు. కాస్త ఉన్నవాళ్ళు జిల్లా పేజీలో ప్రకటన కూడా ఇస్తారు. పత్రిక దానికి కాలమ్ సెంటీమీటర్ల లెక్కన డబ్బు తీసుకుంటుంది. ఇంత ఖర్చయ్యాక కూడా పోయిన మనిషి ఏం చేసి బతికాడో అందులో ఒక్క ముక్క ఉండదు. నేను చెప్పబోయే వ్యాపారం ఆ ఖాళీలోనే ఉంది.

ముందు మన సంగతి. యానాదులం, ఎరుకలం పత్రికల్లోకి ఏ పేజీ నుంచి ఎక్కామో మీకు తెలుసు. 1911లో నేరస్థ జాతుల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది, దేశమంతటా 1952లో రద్దయింది. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం ఆ రోజుల్లో పెట్టిన సెటిల్‌మెంటే. ఆ ఊరి పేరు మీద 1991లో పోలీస్ స్టేషన్ సినిమా వచ్చింది. అక్కడే పొలం చేసుకుని, పిల్లల్ని చదివించి కన్నుమూసినవాళ్ళ గురించి ఎవరు రాశారు?

గుస్సాడీ కనకరాజు గారు 2024 అక్టోబరులో పోతే పత్రికలు రాశాయి, సంతోషం. 2021లో పద్మశ్రీ వచ్చింది కాబట్టి రాశాయి. పద్మశ్రీ రాని మన తాత మాటేమిటి? ఇది మన ఒక్కరి బాధే కాదు. న్యూయార్క్ టైమ్స్ 1851 నుంచి తాము వదిలేసినవాళ్ళ నివాళులు 2018 మార్చి 8న రాయడం మొదలుపెట్టింది. ఆ మొదటి జాబితాలో ఉన్న నల్లజాతి పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్ పోయింది 1931లో. అంటే 87 ఏళ్ళు ఆగాల్సి వచ్చింది. మనం అంతకాలం ఆగితే చెప్పేవాళ్ళు మిగలరు.

నివాళి అంటే పొగడ్త కాదర్రా. 'మంచివాడు, మృదుస్వభావి' అని రాస్తే అది ఎవరికైనా సరిపోతుంది. గట్టు మీద ఏ కన్నంలో ఎలుక ఉందో ఎలా పసిగట్టేవాడు, కుండతో పొగ ఎలా పెట్టేవాడు, ఇటుక బట్టీలో ఎన్నేళ్ళు చేసింది, అడ్వాన్సు ఎలా తీర్చింది, కృష్ణకు వరదొస్తే లంకలోంచి ఎవరిని ముందు దాటించింది, ఇవి రాయండి. తాగేవాడయితే, ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటే, అదీ రాయండి. పుట్టిన తేదీ తెలియకపోతే ఆధార్‌లో ఉన్న జనవరి 1 నమ్మొద్దు, ఏ తుపాను నాటికి ఎంత పిల్లో అడగండి.

ఇక డబ్బు. పెద్దకర్మకి భోజనాలకూ ఫ్లెక్సీకీ పెట్టేవాళ్ళు ఎనిమిది పేజీల చిన్న పుస్తకానికీ పెడతారు. మీరు రాసి, ఫొటోలు సరిచేసి, తెనాలిలో డీటీపీ చేయించి ఇవ్వండి. ఏ కులం వాళ్ళయినా సరే, ఉన్నవాళ్ళ దగ్గర రాత కూలీ నిక్కచ్చిగా తీసుకోండి, మన కాలనీలో ఊరికే రాయండి. డబ్బు తీసుకుని రాసినదాన్ని మాత్రం వార్తగా పత్రికకు పంపకండి. విలేఖరిగా చేరదామనుకునేవాళ్ళకి ఈ ఒక్క జాగ్రత్త చాలా ముఖ్యం.

ఫోన్లో రికార్డరు అందరికీ ఉంది. మీ కాలనీలో అందరికంటే పెద్దావిడ ఎవరో చూడండి. ఆమె బాగున్నప్పుడే, పని లేని పూట వెళ్ళి కూర్చోండి. మొదట వాళ్ళమ్మ పేరు అడగండి.