పొయ్యి వేరు, పొత్తు వేరు

మా మాస్టారి పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి నన్ను పిలవడం నాకు దక్కిన గౌరవం. సూరత్ నగరపాలిక తెలుగు బడిలో ఆయన నాచేత ఏడాది పొడుగునా రోజుకో పేజీ చేతిరాత రాయించారు. ఈ ప్రసంగం కూడా చేత్తోనే రాసుకొచ్చాను. ఆయన గురించి ఇంతకుమించి మాట్లాడితే నా గొంతు పూడుకుపోతుంది.

సమాజశాస్త్రంలో మొదటి పాఠాలు మీకు తెలిసినవే. సాంచా (మరమగ్గం) నడిపే మనిషి సేటు ముందు ఒకలా, కులసంఘంలో ఒకలా మెలిగితే అది పాత్ర. ఆ సంఘంలో అతనికి వేసే పీట అంతస్తు. వీటితో నాకు పేచీ లేదు. ఇరవై ఏళ్లుగా నా పేచీ ‘కుటుంబం’ దగ్గరే.

ఉమ్మడి, వ్యష్టి అని రెండు గళ్లు గీసి, పట్నం వస్తే మొదటిది రెండోదైపోతుందని పాఠాలు చెప్పేస్తున్నాం. జనగణన లెక్కపెట్టేది మాత్రం ఒకే వంట తినేవాళ్లను, అంటే పొయ్యిని. 1951 జనగణన నివేదిక చిన్న ఇళ్ల సంఖ్య చూసి ఉమ్మడి కుటుంబం సడలుతోందని సూచించింది. సూరత్‌లో 1969లో సామాజిక అధ్యయన కేంద్రం నెలకొల్పిన ఐ.పి. దేశాయ్ ఆ పద్ధతిని ఒప్పుకోలేదు. మహువా పట్టణం మీద 1964లో వచ్చిన పుస్తకంలో, కాపురాలు వేరైనా ఆస్తి, బాధ్యతలు కలిసే ఉండొచ్చనీ, ఉమ్మడితనానికి మెట్లుంటాయనీ చూపారు. సమాజశాస్త్రవేత్త ఎ.ఎం. షా 1973లో ఇంటినీ కుటుంబాన్నీ కలగలపవద్దన్నారు. సబబైన మాటే. కానీ ఆయన పేరు చెప్పి మనవాళ్లు ఇళ్లు లెక్కపెట్టి కుటుంబాల మీద తీర్పిస్తున్నారు. షా వద్దన్నది సరిగ్గా అదే!

సూరత్‌లోని లింబాయత్‌లో సిరిసిల్ల పద్మశాలి ఒకాయనను ‘‘మీది ఉమ్మడి కుటుంబమా?’’ అని అడిగితే తెల్లమొహం వేశాడు. ‘‘ఏరువడ్డరా?’’ అన్నాను. ‘‘లేదు సార్, పొత్తులనే ఉన్నం’’ అన్నాడు వెంటనే. తమ్ముడు భివండిలో, తన భార్య, తల్లిదండ్రులు సిరిసిల్లలో. పొయ్యిలు మూడు. పెట్టె అడుగు నుంచి చెల్లెలి పెళ్లిపత్రిక తీసి చూపించాడు. మడతల దగ్గర చిరిగిన ఆ కాగితం మీద ఆహ్వానించేవారిగా అన్నదమ్ములిద్దరి పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి. ఆ పెళ్లి అప్పు ఇద్దరూ కలిసే తీరుస్తున్నారు. దేశాయ్ పుస్తకమంతా పెట్టి వివరించిన సంగతిని మన భాష ‘పొత్తు’ అనే ఒక్క మాటలో పెట్టుకుంది.

అయితే పొత్తు అని చెప్పింది మగవాడు. ఊళ్లో అత్తమామలను చూసుకుంటున్న ఆయన భార్య ఫోన్‌లో ‘‘ఏరువడితేనే నయం’’ అంది. ఆ మాట కూడా నోటుబుక్కులో అదే పేజీలో రాసుకున్నాను.

ఇప్పుడు సూరత్ తెలుగువాళ్ల నోట బతికున్న బంధుత్వపు మాటలతో ఒక పదకోశం కడుతున్నాను. పొత్తు, ఏరు, పాలోళ్లు, ఇల్లరికం వరకు వచ్చాను. ఈ మాటలకు సాక్ష్యంగా నిలిచే పాత మనీయార్డరు రసీదులు, పెళ్లిపత్రికలు మీ ఇళ్లలో ఉంటే పారేయకండి. వచ్చే ఆదివారం నుంచి లింబాయత్‌లో ఇంటింటికీ వస్తాను. నకలు తీసుకుని అసలు మీకే ఇస్తాను.