సెలవుల్లో తెరిచే తలుపులు: చారిత్రక కళాశాలలు, వేసవి ఆవాస శిబిరాలు



ఈనాటి మన ప్రసంగ విషయం వేసవి ఆవాస శిబిరాలు. ఆవాస శిబిరం అంటే ఏమిటి? విద్యార్థులు కొన్ని రోజులో, కొన్ని వారాలో ఒకేచోట ఉండి, అక్కడే తిని, అక్కడే పడుకుని చదువుకునే ఏర్పాటు. ఇటువంటి శిబిరాలు చాలావరకు పేరున్న పాత కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో జరుగుతుంటాయి. అలా ఎందుకు? పాత విద్యాసంస్థలో నాలుగు రోజులు ఉండి చదివితే కొత్తగా వచ్చేదేమిటి? ఆ అవకాశం ఎవరికి అందాలి? ఈ మూడు ప్రశ్నలకు జవాబులు వెతుకుదాం. ఉదాహరణకు పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌ను తీసుకుందాం. అది ఐఐటీ ఉన్న ఊరని మీకందరికీ తెలుసు. తెలుగువాళ్లు తరతరాలుగా ఉంటున్న రైల్వే పట్టణమని కొందరికే తెలుసు.

మొదటి ప్రశ్నకు పైకి కనిపించే జవాబు చాలా సులువు. సెలవుల్లో గదులు ఖాళీగా ఉంటాయి. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాలనే చూడండి. అక్కడ ఏడాదికి మూడు టర్ములు, ఒక్కో టర్ములో బోధన సుమారు ఎనిమిది వారాలు. అంటే 52 వారాల్లో 24 వారాలే తరగతులు. మిగిలిన కాలంలో గదులు, భోజనశాల, గ్రంథాలయం అక్కడే ఉంటాయి, విద్యార్థులు మాత్రం ఇళ్లలో ఉంటారు.

కాని ఖాళీ గదులు ఉన్నంత మాత్రాన బడి పుట్టదు కదా. 1873లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఒక కొత్త పని మొదలుపెట్టింది. విశ్వవిద్యాలయంలో చేరలేని వాళ్ల కోసం అధ్యాపకులను ఊరూరా పంపి ఉపన్యాసాలు ఇప్పించింది. ఆక్స్‌ఫర్డ్ కూడా అదే బాట పట్టింది. అలా ఉపన్యాసాలు విన్నవాళ్లను 1888 వేసవిలో ఆక్స్‌ఫర్డ్‌కే పిలిపించి, కొన్ని రోజులు అక్కడే ఉంచి పాఠాలు చెప్పారు. వచ్చినవారిలో ఎందరో స్త్రీలు. ఆక్స్‌ఫర్డ్ స్త్రీలకు డిగ్రీలు ఇవ్వడం మొదలుపెట్టింది 1920లో అని గుర్తుంచుకుంటే, ఆ వేసవికి ఎంత విలువ ఉందో మీకు అర్థమవుతుంది. ఏడాది పొడుగునా మూసి ఉన్న తలుపు సెలవుల్లో కొంచెం తెరుచుకుంది.

మన తెలుగునాట కూడా వేసవి బడికి ఒక చరిత్ర ఉంది. 1937 వేసవిలో అప్పటి గుంటూరు జిల్లా కొత్తపట్నంలో యువకుల కోసం రాజకీయ, ఆర్థిక శాస్త్రాల పాఠశాల ఏర్పాటు చేశారు. నాటి మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. యువకులు ఒకచోట ఉండి చదువుకుంటే ప్రభుత్వానికి భయమెందుకు? ఉపన్యాసం విని ఇంటికి వెళ్లిపోయే మనిషి వేరు. అదే ఉపన్యాసం మీద రాత్రి పది మందితో కలిసి చర్చించే మనిషి వేరు. ఆ తేడా ప్రభుత్వానికీ తెలుసు, పాఠశాల పెట్టినవారికీ తెలుసు.

కాబట్టి వేసవి బడి పుట్టుకలోనే ఒక ధర్మం ఉంది. గేటు బయట ఉన్నవారిని లోపలికి పిలవడం ఆ ధర్మం. దీన్ని మనసులో పెట్టుకుని ఇప్పుడు ఖరగ్‌పూర్ వెళ్దాం.

హౌరా నుంచి రైలులో సుమారు 115 కిలోమీటర్లు వెళ్తే ఖరగ్‌పూర్ జంక్షన్ వస్తుంది. హౌరా నుంచి వచ్చిన మార్గం ఇక్కడ చీలుతుంది. ఒకటి టాటానగర్ మీదుగా ముంబయి వైపు, ఇంకొకటి ఒడిశా మీదుగా మన విశాఖ, చెన్నైల వైపు వెళ్తాయి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ చోటును తన కేంద్రంగా ఎంచుకుని పెద్ద వర్క్‌షాపు కట్టింది. 1902లో వాల్తేరు నుంచి ఉత్తరానికి పోయే తూర్పు తీర మార్గం కూడా ఆ కంపెనీ చేతికి వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి మనవాళ్లు ఈ రైలు మార్గం మీదుగానే పని వెతుక్కుంటూ వెళ్లి, వర్క్‌షాపులో, స్టేషన్లో, లైన్ల మీద పనిచేసి, రైల్వే క్వార్టర్లలో స్థిరపడ్డారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. ఆ నిర్ణయం వెనుక ముఖ్యంగా ఉన్నది ఖరగ్‌పూర్ తెలుగువారే.

ఇదే ఊరి అంచున హిజ్లీ అనే చోటు ఉంది. 1930లో బ్రిటిష్ ప్రభుత్వం అక్కడి భవనాన్ని నిర్బంధ శిబిరంగా మార్చింది. బెంగాల్ యువకులను విచారణ లేకుండా తెచ్చి అందులో ఉంచింది. 1931 సెప్టెంబరు 16న కాపలా పోలీసులు నిరాయుధులైన నిర్బంధితుల మీద కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దరు మరణించారు. వారి భౌతిక కాయాల కోసం సుభాష్ చంద్ర బోస్ హిజ్లీకి వచ్చారు. రవీంద్రనాథ్ ఠాగూర్ బహిరంగంగా ఈ ఘాతుకాన్ని ఖండించారు. తరువాత రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఈ భవనంలో అమెరికా వైమానిక దళం వారి బాంబర్ కమాండ్ కార్యాలయం నడిచింది.

స్వాతంత్ర్యం వచ్చింది. ఉన్నత సాంకేతిక విద్యాసంస్థలు కావాలని నళినీ రంజన్ సర్కార్ సంఘం సిఫారసు చేసింది. మొదటి సంస్థకు కొత్త భవనాలు కట్టేదాకా ఆగకుండా హిజ్లీలో ఉన్న ఈ భవనంలోనే తరగతులు మొదలుపెట్టారు. 1951 ఆగస్టు 18న మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ లాంఛనంగా ప్రారంభించారు. ఆ ఏడాది చేరిన విద్యార్థులు 224 మంది, అధ్యాపకులు 42 మంది. నిన్న యువకులను బంధించిన గదుల్లో నేడు యువకులు డ్రాయింగు బోర్డుల ముందు నిలబడ్డారు. 1990 నుంచి ఆ భవనంలో నెహ్రూ విజ్ఞాన, సాంకేతిక ప్రదర్శనశాల ఉంది.

ఇక రెండో ప్రశ్న. ఇటువంటి చోట ఉండి చదివితే కొత్తగా ఏం వస్తుంది?

మన తెలుగు రాష్ట్రాల పిల్లలకు హాస్టల్ కొత్త కాదు. పదో తరగతి కాగానే వేలాది మంది పెట్టె సర్దుకుని జూనియర్ కాలేజీ హాస్టల్‌కు వెళ్తారు. తెల్లవారుజామున స్టడీ అవర్, పగలు క్లాసులు, రాత్రి మళ్లీ స్టడీ అవర్, వారం చివర పరీక్ష. వేసవి సెలవులు కూడా అందులోనే కలిసిపోతాయి. అక్కడ పక్క మంచం మీద ఉన్నవాడు మీకన్నా నాలుగు మార్కులు ఎక్కువా తక్కువా అన్నదే లెక్క. ఆవాస శిబిరం కూడా కలిసి ఉండి చదవడమే, కాని దానిలో ర్యాంకు లేదు. ర్యాంకు లేనప్పుడు పక్కవాడు మీకు పోటీదారు కాడు, మీకు అర్థం కానిది అడిగి తెలుసుకోగల మనిషి అవుతాడు. అన్నిటికన్నా పెద్ద మార్పు ఇదే.

దీనికి మంచి ఉదాహరణ గణితంలో ఉంది. ఆచార్య ఎస్. కుమరేశన్ చొరవతో 1993లో మొదలైన గణిత శిక్షణ, ప్రతిభాన్వేషణ కార్యక్రమంలో కళాశాల విద్యార్థులు వేసవిలో కొన్ని వారాలు ఒకచోట ఉండి గణితం చేస్తారు. బోర్డు మీద నిరూపణ రాసి దింపుకోమనడం అక్కడి పద్ధతి కాదు. అధ్యాపకుడు ప్రశ్న వేస్తాడు, విద్యార్థి తడబడుతూనైనా తనే జవాబు కట్టాలి. పగలు తెగని లెక్క రాత్రి భోజనాల దగ్గర తెగుతుంది. ఇల్లు చేరే తొందర లేదు కాబట్టే అది సాధ్యం.

రెండో లాభం చోటు ఇచ్చేది. పాత విద్యాసంస్థ మిమ్మల్ని ప్రశ్నలు అడుగుతుంది. హిజ్లీ భవనం ముందు నిలబడిన ఇంజనీరింగు విద్యార్థి ఆ కట్టడాన్ని చూసి, ఒక భవనం చెరసాల కావడానికీ, బడి కావడానికీ గోడల్లో తేడా ఏమీ లేదని గ్రహిస్తాడు. తేడా అంతా తాళం ఎవరి చేతిలో ఉందన్న దానిలోనే ఉంది. మనం నేర్చే సాంకేతిక విద్య ఎవరి పనికి వస్తుందన్న ప్రశ్న అక్కడి నుంచే మొదలవుతుంది. ఈ ప్రశ్నను ఏ పాఠ్యపుస్తకమూ అంత సూటిగా అడగదు.

మూడో లాభం ఊరు ఇచ్చేది. ఖరగ్‌పూర్ స్టేషన్ ప్లాట్‌ఫారం పొడవు సుమారు 1,072 మీటర్లు. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని దాటాయి. ఇప్పుడు మీరే లెక్క వేయండి. పాత తరహా రైలు పెట్టె పొడవు సుమారు 22 మీటర్లు, ఇంజను సుమారు 20 మీటర్లు అనుకుందాం. 22 పెట్టెల బండి పొడవు 504 మీటర్లు. అటువంటివి రెండు ఒకదాని వెనుక ఒకటి నిలబడితే 1,008 మీటర్లు. అంటే ఒకే ప్లాట్‌ఫారం రెండింటి పని చేయగలదు. రెండు మహామార్గాలు చీలే జంక్షన్‌కు అది ఎంత అవసరమో ఆలోచించండి. ప్లాట్‌ఫారం మీద ఒక సాయంత్రం గడిపితే రవాణా శాస్త్రంలో ఒక పాఠం దొరికినట్లే.

ఇక మూడో ప్రశ్న, అసలైన ప్రశ్న. ఈ అవకాశం ఎవరికి అందాలి?

రైల్వే క్వార్టర్ల నుంచి ఐఐటీ ముఖద్వారం కొద్ది కిలోమీటర్ల దూరమే. కాని ఆ దూరం నడిచి దాటేది కాదు, ప్రవేశ పరీక్షతో దాటేది. దేశం నలుమూలల నుంచి పిల్లలు ఆ గేటు లోపలికి వస్తారు. ఆ ఊళ్లోనే పుట్టి, రోజూ ఆ దారినే తిరిగే కార్మికుడి కూతురు లోపలి ప్రయోగశాల చూడకుండానే చదువు ముగించవచ్చు. తప్పు ఫలానా వారిదని చెప్పడం నా ఉద్దేశం కాదు. పెద్ద సంస్థ ఉన్న ప్రతి ఊరి కథా ఇంతే. కాని ఏడాదికి రెండు నెలలు ఈ కథను మార్చే వీలుంది. పరీక్షలూ ప్రవేశాలూ అడ్డురాని కాలం వేసవి ఒక్కటే. ఏ చారిత్రక సంస్థలో శిబిరం జరిగినా, అందులో కొన్ని చోట్లు ఆ ఊరి ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు కేటాయించాలి. దూరం నుంచి వచ్చినవారు లోపలి ప్రపంచాన్ని, ఊరివారు బయటి ప్రపంచాన్ని ఒకరికొకరు చూపించుకుంటారు.

ఇక్కడ మీకు ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పేరుమోసిన కళాశాలలు సెలవుల్లో గదులను బయటి సంస్థలకు అద్దెకు ఇవ్వడం ప్రపంచమంతటా ఉంది. అటువంటి చోట శిబిరం నడిపేది ఒకరు, గోడ మీద ఉన్న పేరు ఇంకొకరిది. కాబట్టి చేరేముందు నాలుగు సంగతులు తెలుసుకోండి. శిబిరం నడుపుతున్నది విశ్వవిద్యాలయమా, గదులు అద్దెకు తీసుకున్న సంస్థా? పాఠం చెప్పేది ఎవరు? ఖర్చు ఎవరు భరిస్తారు? ముగిశాక మీ చేతిలో సర్టిఫికెట్టు కాక ఇంకేం మిగులుతుంది? చివరి ప్రశ్నకు జవాబు దొరకకపోతే ఆ డబ్బుతో పుస్తకాలు కొనుక్కోండి.

డబ్బు లేదని నిరాశపడవద్దు. పాఠశాల విద్యార్థుల కోసం 2019లో ఇస్రో ప్రారంభించిన యువిక కార్యక్రమంలో ప్రయాణ, వసతి ఖర్చులు ఇస్రోయే భరించింది. డిగ్రీ విద్యార్థులకు దేశంలోని మూడు విజ్ఞానశాస్త్ర అకాడమీలు కలిసి రెండు నెలల వేసవి పరిశోధన ఫెలోషిప్పులు ఇస్తున్నాయి. ఇటువంటి ప్రకటనలు సాధారణంగా వేసవికి చాలా ముందే వస్తాయి. దసరా సెలవులు కాగానే కళాశాల నోటీసు బోర్డు మీదా, ఆయా సంస్థల వెబ్‌సైట్ల మీదా ఒక కన్ను వేసి ఉంచండి.

చివరిగా ఒక మాట. చారిత్రక కళాశాల కోసం ఖరగ్‌పూరో, ఆక్స్‌ఫర్డో వెళ్లనవసరం లేదు. హైదరాబాదులో 1887 నాటి నిజాం కళాశాల ఉంది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విశాఖ ఆవరణ విడిచి గుంటూరుకు తరలిపోయి, తరువాత తిరిగి వచ్చింది. హిజ్లీ లాగే దానికీ యుద్ధకాలపు కథ ఉంది. మీ జిల్లాలో నూరేళ్లు దాటిన కళాశాల ఏదో కనుక్కోండి. మీ ఉపాధ్యాయులతో కలిసి ఆ ప్రిన్సిపాలు గారి దగ్గరకు వెళ్లి, మే నెలలో పది రోజులు నాలుగు గదులు, ఒక ప్రయోగశాల, గ్రంథాలయం తాళంచెవి ఇవ్వమని అడగండి. పాఠాలు చెప్పడానికి పదవీ విరమణ చేసిన అధ్యాపకులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వంటకు మనుషులు దొరుకుతారు. దొరకవలసింది అడిగేవాళ్లే.