చెవిటి గుంజ, తెల్ల దుప్పటి

సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతుందని మీలో కొందరికి తెలిసే ఉంటుంది. పవర్‌లూమ్ పనికి తెలుగు జిల్లాల నుంచి వలస వెళ్లిన కుటుంబాల పిల్లలు వాటిలో చదువుతారు. అక్కడ ఇంగ్లీషు ఉపమానాల జాబితా బట్టీపట్టిన ఒక అమ్మాయి నన్ను అడిగింది: "యాజ్ వైట్ యాజ్ ఎ షీట్ అంటారేంటి సార్? మా ఇంట్లో దుప్పట్లన్నీ పువ్వులవేగా!"

మంచి ప్రశ్న. ఇంగ్లండులో ఒకప్పుడు పరుపు మీద పరిచే దుప్పటి తెల్లగా ఉండేది. భయంతో పాలిపోయిన ముఖాన్ని వాళ్లు దానితో పోల్చారు. మనమైతే "ముఖాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు" అంటాం. నన్నడిగితే మన మాటే శాస్త్రానికి దగ్గర. భయపడినప్పుడు చర్మంలోని సన్నని రక్తనాళాలు ముడుచుకుంటాయి, ముఖానికి రక్తం తగ్గుతుంది.

"యాజ్ కూల్ యాజ్ ఎ కుకుంబర్" అంటే కంగారు పడవలసిన వేళ కూడా నిబ్బరంగా ఉండటం. కీరదోసలో సుమారు 95 శాతం నీరే కదా! దీన్ని "నిమ్మకు నీరెత్తినట్టు" అని మాత్రం అనువదించకండి. ఇంగ్లీషులో అది మెచ్చుకోలు, మనకు దెప్పిపొడుపు. ఇక "యాజ్ బ్లైండ్ యాజ్ ఎ బ్యాట్" శుద్ధ తప్పు. గబ్బిలాలకు కళ్లు కనిపిస్తాయి.

"యాజ్ మ్యాడ్ యాజ్ ఎ హ్యాటర్" దగ్గర కాస్త ఆగుదాం. అర్థం: వట్టి పిచ్చివాడు. హ్యాటర్ అంటే టోపీలు చేసేవాడు. కుందేటి వెంట్రుకలు అతుక్కుని దళసరి గుడ్డ కావడానికి పాదరసపు లవణం పూసేవారు. ఆ ఆవిరి పీల్చిన పనివాళ్లకు చేతులు వణికేవి, మతిమరుపు, చిరాకు వచ్చేవి. మాట అక్కడే పుట్టిందా అన్నదానిపై భిన్నాభిప్రాయాలున్నాయి. జబ్బు మాత్రం నిజం. అమెరికా టోపీల తయారీలో పాదరసం 1941 దాకా ఆగలేదు.

ఇది విన్నాక ఆ అమ్మాయి జాబితాలో ఇంకోటి చూపించింది: "యాజ్ డెఫ్ యాజ్ ఎ పోస్ట్". పోస్టాఫీసు అనుకుందట! కాదు, పాతిన గుంజ. ఎంత పిలిచినా పలకదు. "మా నాన్న కూడా అంతే సార్. టీవీ గట్టిగా పెడతాడు" అంది నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

వాళ్ల నాన్న మగ్గాల షెడ్డులో పన్నెండు గంటలు పనిచేస్తాడు. అలాంటి షెడ్లలో మోత తరచుగా 90 డెసిబెల్స్ దాటుతుంది. ఎనిమిది గంటల పనికి 85 దాటితేనే చెవికి ప్రమాదమంటారు నిపుణులు. లోపలి చెవిలో ధ్వనిని పట్టే సన్నని రోమకణాలు ఒకసారి చస్తే మనిషికి మళ్లీ పుట్టవు. ముందుగా పోయేది సన్నని స్వరాలు, అంటే పిల్లల గొంతులు.

చెవిలో దూది పెట్టుకుంటాడని చెప్పింది. దూది చాలదమ్మా. మెత్తని ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు దొరుకుతాయి. వేళ్లతో సన్నగా నలిపి లోపలికి పెట్టి, అవి ఉబ్బేదాకా అదిమి పట్టుకోవాలి.