ఫుట్‌పాత్ మీదున్న మనోడికి పూటకూళ్ల ఇల్లు ఎక్కడ?

(దళితవాడలో రాత్రి జరిగిన సభలో, నగరంలో ఒక నైట్ షెల్టర్‌లో పనిచేసే కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



ఈ రాత్రి నేను మాట్లాడబోయేది ఈ సభలో లేనోళ్ల గురించి. ప్రతి పల్లెలోనూ ఒకరిద్దరుంటారు. ఇల్లు వదిలి పోయినోళ్లు. పేరెత్తితే తల్లి కొంగు నోట్లో కుక్కుకుంటుంది, అన్న తల తిప్పుకుంటాడు. వాళ్లు చచ్చిపోలేదు. స్టేషను బయట, ఫ్లైఓవరు కింద, మూసేసిన దుకాణం మెట్ల మీద పడుకుంటున్నారు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఇల్లు లేనోళ్లు 17 లక్షల 70 వేలకు పైగా తేలారు. అది ఒక్క రాత్రి తిరిగి రాసుకున్న లెక్క. ఆ రాత్రి కంటపడనోళ్లు ఎందరో!

వాళ్ల గురించి అడిగితే ఊరు ఒకే మాట చెబుతుంది: తాగి చెడిపోయాడు. సరే, తాగుడే కారణమైతే మోతుబరి కొడుకులు కూడా ఫుట్‌పాత్ మీదే ఉండాలి గదా! వాళ్లెందుకు లేరు? మోతుబరి కొడుకు తాగితే బావమరిది కారులో ఎక్కించుకుపోయి ఆసుపత్రిలో చేరుస్తాడు. ఆర్నెల్లు పని లేకపోయినా పొలం కౌలు వస్తుంది. మనోడికి ఉన్నది రెండు సెంట్ల జాగా, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు, వడ్డీకి తెచ్చిన అప్పు. ఒక్క నెల పని పోతే ఇల్లు కూలుతుంది. తాగుడు అందర్నీ పడేస్తుంది. పడ్డాక లేచే ఆధారం మాత్రం కులాన్ని బట్టి, భూమిని బట్టి ఉంటుంది.

ఇక్కడ మనవైపు రెండు మాటలు వినపడతాయి. పాస్టరుగారు "అది పాపం, ప్రార్థన చెయ్" అంటారు. సంఘం నాయకుడు "అది దోపిడీ, పోరాటం చెయ్" అంటాడు. రెండూ అబద్ధం కాదు. కానీ ఈ రాత్రి వాడు ఎక్కడ పడుకోవాలి? దీనికి ఇద్దరిలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

జవాబు మీరు ఆదివారం ఆదివారం వినే వాక్యంలోనే ఉంది. లూకా సువార్త పదో అధ్యాయం, మంచి సమరయుడి కథ. దొంగలు కొట్టి పడేసిన మనిషిని యాజకుడు చూసి పక్కనుంచి పోయాడు. లేవీయుడూ పోయాడు. ఆగినవాడు సమరయుడు. యూదులు తమతో కలవనివ్వని జాతివాడు. అంటే మనలాంటోడు. ఏం చేశాడు? గాయాలకి నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు. తన పశువు మీద ఎక్కించుకున్నాడు. పూటకూళ్ల ఇంట్లో పెట్టి రాత్రంతా చూసుకున్నాడు. తెల్లారి రెండు దేనారాలు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగొచ్చి ఇస్తానన్నాడు. వైద్యం, మోసుకెళ్లడం, నీడ, డబ్బు, మళ్లీ వస్తానన్న మాట! ఆ మనిషిని నీ మతమేంటని గానీ, ఎందుకు పడ్డావని గానీ అడగలేదు. ఈ వరుసనే గుర్తు పెట్టుకోండి.

మొదటిది వైద్యం. ఏళ్ల తరబడి తాగినోడు ఒక్కసారిగా ఆపితే వణుకు మొదలవుతుంది. తొలి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకి లేని పురుగులు ఒంటి మీద పాకుతున్నాయంటాడు, లేని మనుషులతో మాట్లాడతాడు. మనోళ్లు దయ్యం పట్టిందంటారు. కట్టేస్తారు, ఉపవాస ప్రార్థనలో కూర్చోబెడతారు. అన్నం, నీళ్లు లేకపోతే ప్రాణానికే ముప్పు. అప్పుడు కావాల్సింది డాక్టరు, వణుకు తగ్గించే మందు, బి-1 విటమిన్ సూది. ప్రార్థన చెయ్యండి, కానీ ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని చెయ్యండి. కల్తీ కల్లుకు అలవాటు పడ్డోళ్ల సంగతీ అంతే. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు చేసినప్పుడు, ఒక్కసారిగా కల్లు ఆగిపోయినోళ్లతో హైదరాబాదు ఎర్రగడ్డ ఆసుపత్రి నిండిపోయింది. ఇంకో మాట అక్కలకి: తాగుడు మాన్పించే మాత్ర వాడికి తెలియకుండా కూరలో కలపొద్దు. దాని మీద తాగితే గుండెకే ప్రమాదం. అది డాక్టరు రాయాలి, వాడికి తెలిసి మింగాలి. దారి తెలియకపోతే 14446కి ఫోను చెయ్యండి. ప్రభుత్వ నంబరు, డబ్బు పడదు.

రెండోది నీడ. ఇది దయ కాదు, హక్కు. ఆహార హక్కు కేసులో 2010లో సుప్రీంకోర్టు పెద్ద నగరాల్లో లక్ష జనాభాకి ఒక షెల్టరు కట్టమంది. 2013లో వచ్చిన పట్టణ జీవనోపాధి మిషన్ నియమాల్లో లక్ష జనాభాకి వంద మందికి చోటు, ఏడాది పొడవునా, ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండాలని రాశారు. తాళం వేసిన షెల్టరు కనపడితే మున్సిపల్ ఆఫీసు ముందు కూర్చోవడానికి ఈ కాగితాలు చాలు.

మూడోది తోడు. మానడం ఒక రోజు పని, మానేసి ఉండటం జీవితం మొత్తం పని. అమెరికాలో ఏక్రన్ అనే ఊళ్లో 1935లో ఇద్దరు తాగుబోతులు, బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్, ఒకరికొకరు కాపలా కాయడంతో ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది. దాని మూలం క్రైస్తవ సహవాసంలోనే ఉంది. ఒప్పుకోవడం, చేసిన నష్టం సరిదిద్దడం, దేవుడికి అప్పగించుకోవడం అక్కణ్నించి తెచ్చుకున్నవే. కానీ తలుపు దగ్గర మతం అడగరు, కులం అడగరు, ఫీజు అడగరు. తాగుడు మానాలనే కోరిక ఉంటే చాలు. మన దేశంలో ఈ కూటాలు 1957 నుంచి ఉన్నాయి.

విశ్వాసం ఏం చేస్తుందో షెల్టర్లో కళ్లారా చూస్తున్నాను. ఫుట్‌పాత్ మీద మనిషికి పేరు పోతుంది. "ఒరేయ్", "లే", అంతే. గుడిసె చర్చిలోనైనా ఎవరో "తమ్ముడూ, నిన్న రాలేదే" అనడగ్గానే పేరు తిరిగొస్తుంది. సాయంత్రం ఆరింటికి, సరిగ్గా దుకాణం పిలిచే వేళకి, కాళ్లకి వెళ్లడానికి ఇంకో చోటు దొరుకుతుంది. క్షమాపణ ఉందని నమ్మినోడు ఇంటికి ఉత్తరం రాయడానికి ధైర్యం చేస్తాడు. ఇవి చిన్న సంగతులు కావు.

అయితే వాడి సాక్ష్యాన్ని స్టేజీ ఎక్కించి చందాలు వసూలు చెయ్యొద్దు. మళ్లీ తాగితే సంఘంలోంచి వెలివెయ్యొద్దు. చాలామంది రెండు మూడు సార్లు పడే నిలబడతారు. పెట్టే అన్నానికి బాప్తీస్మం షరతు కాకూడదు. మన చరిత్రలోనే దీనికి రుజువుంది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మన పెద్దలకి కూలి, తిండి చూపించాడు. కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తీస్మాలు ఆపేశాడు. తిండి కోసం కలిశారన్న మాట రాకూడదని. సాయం అయిపోయాక, 1878 జులైలో, గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది తమంతట తామే దిగారు.

నాలుగోది కాగితం. ఇల్లు పోయినోడికి కార్డులన్నీ పోతాయి. ఓటరు కార్డుకి చిరునామా రుజువు లేదని తిప్పి పంపితే ఊరుకోవద్దు. బూత్ అధికారి రాత్రిపూట వచ్చి, మనిషి అక్కడే పడుకుంటున్నాడని చూసుకుని పేరు రాయాలి. ఎన్నికల సంఘం నియమమే అది. కుల సర్టిఫికెట్ దగ్గర మనకి ఇంకో గోడ ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాని హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి తెరిచారు, క్రైస్తవులకి తెరవలేదు. ప్రభువు పేరు చెప్పి తాగుడు మానినోడు ఆ పేరు చెప్పినందుకే హాస్టలు సీటు, లోను, ఇంటి స్థలం దగ్గర భయపడాలా? చర్చిలోకి పోయినా పల్లె మారలేదు, కులం పోలేదు. మాల చర్చి వేరు, మాదిగ చర్చి వేరు ఉన్న ఊళ్లు ఇంకా ఉన్నాయి! ఆ గోడ మీదా, ఈ గోడ మీదా రెంటి మీదా కొట్లాడాలి.

అయిదోది పని. కూలి రోజూ సాయంత్రం చేతికొస్తే దారిలో దుకాణం ఉంటుంది. కొన్నాళ్లు వారానికోసారి బ్యాంకులో పడేలా, లేకపోతే భార్య చేతికి, నమ్మకమున్న మనిషి చేతికి ఇచ్చేలా మేస్త్రీతో మాట్లాడండి. వాడు ఒప్పుకుంటేనే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచారు. 1993లో సారా బంద్ అయింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. అన్నిటికంటే గొప్ప పోరాటం అదే. కానీ తాగుడుకి బానిసైన మొగోణ్ణి ఏ ఆసుపత్రికి తీసుకుపోవాలన్న ప్రశ్న అప్పుడూ మిగిలిపోయింది, ఇప్పుడూ మిగిలే ఉంది.

అందుకే మూడు పనులు అడుగుతున్నాను. చర్చి హాలు వారానికి రెండు సాయంత్రాలు మానాలనుకునేవాళ్ల కూటానికి ఇవ్వండి. దానికి డాక్టరు, ఆసుపత్రి తెలిసిన ఒక మనిషిని సంఘం నియమించాలి. మూడోది, ఈ పల్లెనుంచి పోయినోళ్ల పేర్లు సంఘం పుస్తకంలో రాయండి. పేరు, వయసు, ఆఖరిసారి ఎక్కడ కనపడ్డాడో. నగరంలో మేం వెతుకుతాం. దొరికినోడు తిరిగొచ్చిన రోజు, ఎందుకు పోయావని అడక్కుండా ముందు కాళ్లకి నీళ్లివ్వండి.

పుస్తకం ఇక్కడే, టేబుల్ మీద ఉంది. రాసిన తర్వాతే ఇళ్లకి పొండి. జై భీమ్!