కొబ్బరి పొట్టులో నారు



నిడమనూరులో నారు అనగానే వరి నారే గుర్తుకొస్తుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువకు 1967లో నీళ్ళు వదిలారు. నారు పీకడం, నాట్లు వేయడం ఇక్కడి ఆడవాళ్ళకు చేతికి అలవాటైన పని.

వరి నారు నీళ్ళల్లో నిలబడుతుంది. మిరప, టమాట, వంగ నారు అట్లా కాదు. మడిలో తడి ఎక్కువైతే నారుకుళ్ళు తెగులు వస్తుంది. మొక్క మొదలు మెత్తబడి, ఒరిగి పడిపోతుంది. హైబ్రిడ్ విత్తనం పిరం. గింజ పోతే పైసలు పోయినట్టే.

అందుకే చాలామంది రైతులు ప్లాస్టిక్ ట్రేలలో, కొబ్బరి పొట్టులో నారు పెంచుతున్నారు. కొబ్బరికాయ పైతొక్క నుంచి పీచు తీసేటప్పుడు రాలే పొడే ఈ పొట్టు. దాన్ని గట్టిగా నొక్కి దిమ్మలుగా అమ్ముతారు. దుకాణంలో కోకోపీట్ అంటారు.

ఈ పొట్టు తడిని పట్టి ఉంచుతుంది. వేర్లకు గాలి కూడా ఆడుతుంది. కానీ దీనిలో రెండు లోపాలున్నాయి. ఒకటి ఉప్పు. రెండోది, మొక్కకు కావలసిన బలం దీనిలో లేదు.

ముందుగా ఉప్పు పోగొట్టాలి. దిమ్మను నీళ్ళలో నానబెట్టాలి. అది బాగా ఉబ్బుతుంది. ఆ పొట్టును గోనె సంచిలో పోసి, మంచి నీళ్ళతో రెండు మూడుసార్లు కడగాలి. మొదట నీళ్ళు డికాషన్ లాగా ఎర్రగా వస్తాయి. తేటబడేదాకా కడగాలి. తర్వాత బలం కోసం బాగా చివికిన వర్మీ కంపోస్టు కొంచెం కలపాలి.

తడి సరిపోయిందని ఎట్లా తెలుస్తుంది? గుప్పెడు పొట్టు తీసుకొని పిండాలి. నాలుగు చుక్కలు రాలితే సరి. ధార కారితే తడి ఎక్కువ. ముద్ద కట్టకుండా రాలిపోతే తక్కువ.

ట్రేకు 98 గుంతలుంటాయి. గుంతకు ఒక్క గింజ వేసి, పైన పలుచగా పొట్టు కప్పాలి. ట్రేలను ఒకదాని మీద ఒకటి పేర్చి ప్లాస్టిక్ పట్టా కప్పాలి. మొలక కనబడగానే విడదీసి, నీడ వల కింద పరచాలి. ఆలస్యమైతే మొక్కలు సన్నగా సాగిపోతాయి. పొద్దున పూట సన్న జల్లుగా నీళ్ళు చల్లాలి. పైన పొట్టు ఆరకముందే మళ్ళీ చల్లితే ఇక్కడా నారుకుళ్ళు వస్తుంది.

టమాట నారు దాదాపు 25 రోజులకు, మిరప నారు 35 నుంచి 40 రోజులకు నాటుకు వస్తుంది. నాటే ముందు నాలుగైదు రోజులు నీళ్ళు తగ్గించి, ఎండ అలవాటు చేయాలి. మొక్క వేరు ముద్దతో సహా ఊడివస్తుంది. వేరు తెగదు కాబట్టి చేనులో తొందరగా నిలదొక్కుకుంటుంది.

ట్రేతో ఇంకో లాభం ఉంది. మొలిచినవి లెక్కపెట్టవచ్చు. మిరప గింజలు 100కు కనీసం 60, టమాట 70 మొలవాలని ప్రభుత్వ ప్రమాణం. అంటే 98 గుంతల్లో మిరప 59, టమాట 69 మొలవాలి. అన్నీ సరిగ్గా చేసినా అంతకంటే బాగా తక్కువ మొలిస్తే విత్తనాన్ని అనుమానించాలి.

కొనేటప్పుడే ప్యాకెట్ మీద మొలక శాతం, గడువు తేదీ, లాట్ నంబరు చదవండి. బిల్లు అడిగి తీసుకోండి. విత్తిన తేదీ, మొలిచిన లెక్క నోటుబుక్కులో రాయండి. ఖాళీ ప్యాకెట్, బిల్లు, ఆ లెక్క తీసుకొని మండల వ్యవసాయ అధికారి దగ్గరకు వెళ్ళండి. కాగితం చేతిలో ఉంటే మీ మాటకు బలం ఉంటుంది.