నాటిన జుట్టు రాలుతోందా?

పలాస నుంచో టెక్కలి నుంచో విశాఖ వెళ్లి తలపై జుట్టు నాటించుకున్నారనుకోండి. కట్టిన పక్కులు 10 రోజులకు ఊడతాయి. ఆ తర్వాత కొన్ని వారాల్లో నాటిన వెంట్రుకలూ దిండు మీద రాలుతుంటాయి. కంగారుపడకండి. ఊడేది పైనున్న వెంట్రుకే, కుదురు చర్మంలోనే ఉంటుంది. 3, 4 నెలలకు సన్నటి నూగు మొలుస్తుంది. 6 నెలలకు తేడా తెలుస్తుంది. పూర్తి ఫలితానికి ఏడాది ఆగాలి, నడినెత్తిన ఇంకాస్త ఆలస్యం కావచ్చు.

ఉద్దానం ప్రాంతం వారికి ముఖ్యంగా ఒక మాట. మన దగ్గర కిడ్నీ జబ్బు ఎక్కువ. అందుకే ఆపరేషన్‌కు ముందే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. నొప్పి మాత్రలు సొంతంగా కొని మింగొద్దు. చీము పట్టినా, జ్వరం వచ్చినా వెంటనే డాక్టరుకు చూపించండి.