కృష్ణ యను పేరు



ఉఱుము ఉఱిమినపుడు అర్జునుని పది పేరులు తలఁచుట మన పల్లెల వాడుక. అందు ‘కృష్ణ’ యనునదియు నొకటి.

మా యూర నొక పెద్దమ్మ, నల్లఁగాఁ బుట్టిన మనుమనికిఁ గృష్ణుఁడని పేరిడవలదు, లోకులు నవ్వుదురని వారించెను. ఆమెకుఁ జెప్పిన మాటలే మీకును విన్నవించెదను.

కృష్ణ శబ్దమునకు నలుపని వాడుకయర్థము. భారతమున నుద్యోగపర్వమందు సంజయుఁడు మఱియొకటి చెప్పెను: ‘కృషి’ యనఁగా భూమి, ‘ణ’ యనఁగా నానందము, ఆ రెంటి కలయికయే కృష్ణుఁడు. శాంతిపర్వమున స్వామియే, నల్లని యినుపకఱ్ఱునై నేల దున్నుదును గావునను, నా మేను నల్లన గావునను గృష్ణుఁడనైతి ననెను. నాగలి పట్టిన మనకింతకంటె దగ్గఱి యర్థ మేది?

వేదములు విభజించిన వ్యాసుఁడు కృష్ణద్వైపాయనుఁడు. ద్రౌపది కృష్ణ. 1855లో ఆనకట్టయు, 1957లో ప్రకాశం బ్యారేజియు బెజవాడకడ వెలయఁగా, మన కాలువలకు నీరిచ్చు తల్లియుఁ గృష్ణయే.

అర్జునునకు విజయుఁడనియుఁ బేరు. అతఁ డింద్రకీలాద్రిపైఁ దపము చేసెననియు, విజయవాడ పేరతనిదే యనియు స్థలపురాణము. అట్టివానికిఁ గృష్ణనామ మెట్లు గలిగెను? విరాటపర్వమున జమ్మిచెట్టుకడ నతఁడే యుత్తరునకుఁ జెప్పెను: నల్లనై మెఱయు ముద్దుబాలుఁడనని తండ్రి ప్రేమతో నిడెనఁట. ఆ తండ్రి పాండురాజు, పాండువనఁగాఁ దెల్లనివాఁడు. తెల్లని తండ్రి నల్లని కొడుకును జూచి మురిసి యిడిన పేరది, ఎగతాళికిఁ గాదు.

పెద్దమ్మ మఱుమాటాడలేదు. బారసాలనాఁడు పళ్లెములోని బియ్యముపై, ఉంగరముతో, ఆ బిడ్డతండ్రి ‘కృష్ణ’ యని వ్రాసెను.